ఎవరి బాపు?

మా శాంతవ్వ చిన్నమ్మ ఎవరినైనా ఏమైనా అనగలదు. బీడీల కార్ఖానాలో బాగాలేవని కట్టలు ఏరి పక్కన పడేసే మున్షీని, "నీకు మా ఇంటి తునికాకంటే ఎందుకంత పగ?" అని నలుగురిలో అడిగింది ఒకసారి. ఆయన నవ్వలేక, కోప్పడలేక రెండు కట్టలు మళ్లీ లెక్కలో కలిపాడు. అలాంటి మనిషి నోట రాని మాట ఒక్కటే ఉంది. అది ఆమె పెనిమిటి పేరు.

ఎల్లారెడ్డిలో మా వాడకట్టు పెద్ద ఆడవాళ్లు ఎవరూ పెనిమిటి పేరు తీయరు. తీస్తే ఆయుష్షు తగ్గుతుందంటారు. మా అమ్మ కూడా తీయదు గానీ, ఆమెను ఎవరూ అడగరు. చిన్నమ్మ పది చోట్ల తిరిగే మనిషి, ఆమెను అడుగుతారు. రేషను దుకాణంలో, కరెంటు ఆఫీసులో "భర్త పేరు?" అనగానే నన్ను భుజం పట్టి ముందుకు నెడుతుంది. నేను "సిద్దిరాములు" అంటాను. నాకు కొత్తవాళ్ల ముందు గొంతు పెగలదు.

"గట్టిగ చెప్పు పిల్లా, ఆయనేమన్న దొంగతనం చేసిండా?" అంటుంది నా మీదికే. అందరూ నవ్వుతారు. నేను తల వంచుకుంటాను.

చిన్నమ్మ నాకు చుట్టం కాదు, వాడకట్టు వరస. అమ్మకు నడుము పడిపోయాక ఎనిమిదో తరగతి సగంలో నేను బడి మానేశాను. అప్పటినుంచి చాట పట్టుకుని ఆమె అరుగు మీదికి పోయి బీడీలు చుట్టడమే నా పని. నేను మాట్లాడను కాబట్టి నా ముందు అందరూ అన్నీ మాట్లాడతారు. ఆ ఇంట్లో ఏ రోజు ఏ కూర వండారో, ఏ రోజు ఎవరు ఏడ్చారో నాకు తెలుసు.

సిద్దిరాములు చిన్నాయన మస్కట్‌లో ఉంటాడు. బిల్డింగుల పని. ఒక్క బిడ్డ సాయిలత కామారెడ్డిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. చిన్నాయన ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తాడు. చిన్నమ్మది చైనా ఫోను, స్పీకరు గుండీ ఇరుక్కుపోయి ఎవరు మాట్లాడినా అరుగంతా వినబడుతుంది. లోపల సిగ్నలు రాదని దాన్ని కిటికీ ఊచకు సంచిలో వేలాడదీస్తుంది. మొగుడూ పెండ్లాల మాటలు నేను వినకూడదని లేచి పోబోతే, "కూసో, గాయన నాతోని ఏం సరసాలాడుతడని? ఎండలు, నీళ్లు, ఫోర్‌మెన్ తిట్లు. నువ్వు గూడ విను" అనేది.

2012 వానాకాలంలో రెండు శుక్రవారాలు ఫోను రాలేదు. చేస్తే స్విచ్ ఆఫ్ అని వచ్చింది. "డ్యూటీ మారుంటది" అంది చిన్నమ్మ. కానీ ఆ వారం ఆమె చుట్టిన బీడీల దారం వదులుగా ఉంది. మున్షీ ఏరి పక్కన పెడితే ఒక్క మాట కూడా అనలేదు.

ఆ తర్వాత సోమవారం పొద్దున తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. చిన్నమ్మ చేతిలో ఆకు వదిలేసి లేచింది.

"హలో, ఎవరండీ మాట్లాడేది?" మగ గొంతు. ఎంతో మర్యాదగా ఉంది. మా దిక్కు మాట కాదు.

"నేను శాంతవ్వను. నువ్వెవరు?"

"శాంతమ్మగారూ, మీ కోసమేనండీ. రికవరీ ఆఫీసు నుంచి. మీ కుటుంబం పేరున ఒక అప్పు చాలా కాలంగా కట్టకుండా ఉండిపోయిందండీ."

"మేమెవ్వరికి బాకీ లేము."

"మీకు తెలిసుండదమ్మా. మగవాళ్లు అన్నీ ఇంట్లో చెప్పరు కదా. మీ వారున్నారా?"

"ఆయన మస్కట్ల ఉంటడు."

అటువైపు కాగితాలు తిప్పుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"అదేనండీ నేను చెప్పేది. ఇది మస్కట్ అప్పే. అక్కడ బ్యాంకులో తీసుకుని ఎగ్గొట్టారు. ఈమధ్య మీకు ఫోన్ చేశారా ఆయన?"

చిన్నమ్మ గోడకు ఆనుకుంది. "లేదు. రెండు వారాలాయె."

"ఎలా చేస్తారమ్మా? పోలీసులు పట్టుకెళ్లారు. పాస్‌పోర్టు కూడా తీసేసుకున్నారు."

నా చాటలో తంబాకు కింద ఒలికింది. నేను ఎత్తలేదు.

"మీ వారి పేరు ఒకసారి చెప్పండి, సరిచూసుకుంటాను."

చిన్నమ్మ నా వైపు చూసింది. ఎప్పుడూ నన్ను ముందుకు నెట్టే మనిషి, ఈసారి చేయి కూడా ఎత్తలేకపోయింది. నేనూ ఆ పేరు అనలేకపోయాను. "చెప్పండమ్మా" అంటున్నాడు ఆయన.

"మా సాయిలత బాపు" అంది చిన్నమ్మ.

"ఏమిటండీ?"

"బాపు, బాపు. సాయిలత మా బిడ్డ. ఆమె బాపు."

"ఆఁ, బాపుగారు. ఉందండీ, ఇక్కడే ఉంది."

యాభై వేలు మూడు రోజుల్లో కడితే కేసు తీసేస్తారట. లేకపోతే ఏళ్ల తరబడి అక్కడే జైల్లో ఉంచుతారట. ఎవరికైనా చెబితే విషయం పేపరుకెక్కుతుందట. ఆయన "ఉంటానమ్మా, జాగ్రత్త" అని మరీ పెట్టేశాడు. ఆ 'జాగ్రత్త' వినగానే చిన్నమ్మకు ఏడుపొచ్చింది.

"ఎవ్వరికి చెప్పకు గంగా" అంది. నేను ఎవరికి చెప్పగలను?

అయినా మనసు ఆగక ఆ సాయంత్రం బస్టాండు దగ్గర హన్మండ్లన్న దుకాణానికి పోయాం. ఆయన మస్కట్‌లో పనిచేసి వచ్చి ఇప్పుడు ఫోన్లకు రీచార్జి చేస్తున్నాడు. చిన్నాయనకు దోస్తు. చిన్నమ్మ అసలు సంగతి చెప్పలేదు. "మీ దోస్తు ఫోను మోగుతలేదు. రూములోళ్లకు చేసి అర్సుకోరాదు" అని మాత్రం అంది.

"ఏంది వదినె, మావోడు ఖల్లివెల్లి గిట్ల అయిండా?" అని నవ్వాడు హన్మండ్లన్న. కంపెనీ వదిలేసి దొంగచాటుగా తిరిగేవాళ్లను గల్ఫ్‌కు పోయినవాళ్లు అట్లా అంటారు. చిన్నమ్మ ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "ఊకె అన్న వదినె. ఇయ్యాల్నే అడుగుత. దొరకంగనే నీకు చెయ్యమంట" అన్నాడు.

మర్నాడు ఆ మర్యాద గొంతే మళ్లీ వచ్చింది. ఈసారి తొందర పెట్టింది. "కేసులో మీ అమ్మాయి సాయిలత పేరు కూడా చేరుస్తున్నారమ్మా. కాలేజీకి మా వాళ్లు వెళ్తారు. ఆడపిల్ల, పరువు సంగతి, అందుకని ముందుగా చెబుతున్నాను."

ఫోను పెట్టేశాక చిన్నమ్మ నా చేయి పట్టుకుంది.

"నా బిడ్డ పేరు వానికెట్ల ఎరుక గంగా?"

నాకూ అదే అర్థం కాలేదు. ఎక్కడో ఆఫీసులో మా వాడకట్టంతా రాసిపెట్టుకుని కూర్చున్నారనిపించింది. ఆ రోజంతా రోడ్డు మీద మోటారుసైకిలు చప్పుడైతే చాలు, ఇద్దరం తలెత్తి చూశాం.

చిన్నమ్మ మెడలో పుస్తెల తాడుకు రెండు వైపులా బంగారు గుండ్లున్నాయి. చిన్నాయన చేయించినవి కావు. బీడీల పైసలతో ఏడాదికి ఒకటో రెండో కొని చేర్చుకుంది. ఒక్కో గుండుకు ఒక్కో కథ చెప్పేది. ఇది జ్వరంలో కూడా చుట్టి కొన్నది, ఇది మున్షీతో కొట్లాడి కొన్నది అని. బుధవారం పొద్దున వాటిని తీసి రుమాలులో కట్టింది. పుస్తెలు మాత్రం పసుపు తాడుకు వేసుకుంది.

"కామారెడ్డికి పోదాం పా. నాకు ఒక్కదానికి కాళ్లు ఆడుతలేవు."

బస్సులో లింగంపేట దాటేదాకా ఆమె నోరు విప్పలేదు. వాన జల్లు కిటికీలోంచి మీద పడుతున్నా జరగలేదు. పక్క సీటులో ఎవరో కోడిపిల్లల గంప పెట్టుకున్నారు. వేరే రోజైతే ఆ గంప మీద ఊరు దాటేదాకా తగువు నడిచేది.

కామారెడ్డిలో స్టేషను రోడ్డుకు పోయాం. బంగారం కొనే సేటు దుకాణం ముందు చెప్పులు విడుస్తుండగా ఫోను మోగింది. లోపల సేటు తక్కెడ తుడుచుకుంటున్నాడు. మేము మెట్ల పక్కకు జరిగాం.

"ఎంతవరకు వచ్చిందమ్మా?"

"కామారెడ్డిల ఉన్న. ఇగ అమ్ముడే."

"మంచిది. డబ్బు తీసుకుని నేరుగా బ్యాంకుకు వెళ్లండి. అకౌంటు నంబరు చెబుతాను. రాసే వాళ్లున్నారా పక్కన?"

చిన్నమ్మ ఫోను నా చేతిలో పెట్టింది. ముక్కూ మొహం తెలియని మగమనిషితో ఫోనులో మాట్లాడటం నాకదే మొదటిసారి. "ఆఁ" అన్నాను.

"జాగ్రత్తగా రాయి పాపా. ఎవరి అప్పు తరఫున కడుతున్నారో ఆ పేరు తప్పు పోకూడదు. తప్పు పోతే డబ్బు వేరే కేసులో పడిపోతుంది. ఇక్కడ ఫైల్లో ఉన్నట్టే రాయాలి. బాపు. తెలుగులో అయితే బా, పు. అంతే. ముందూ వెనకా ఏమీ లేదు."

నేను ఫోను పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి, ఎవరో నన్ను తప్పుకొమ్మన్నారు.

"రాశావా పాపా?"

నేను ఫోనును కొంగులో చుట్టి చిన్నమ్మ చెవి దగ్గరకు పోయాను.

"చిన్నమ్మా, ఆయన పేరు బాపు అంటుండు."

"గదే గదనే. సాయిలత బాపే గద?"

"గట్ల కాదు. బాపు అంటే నాయిన అని ఆయనకు తెల్వదు. మనిషి పేరే బాపు అనుకుంటుండు. ఫైల్ల గదే రాసుందంట. సిద్దిరాములు అని లేదు."

చిన్నమ్మ నన్ను చూసింది. ఆ తర్వాత మెల్లగా కొంగులోంచి ఫోను తీసుకుంది.

"సారూ, ఒక్కటి చెప్పు. లోపటేసింది ఎవర్ని?"

"మీ భర్త బాపుగారినేనమ్మా."

"నా మొగని బాపునా?"

"అవునండీ."

"ఆయన సచ్చిపోయి పదేండ్లాయెరా! దొరికిండా నీకు? మంచిగున్నడా? బొంద పెట్టినోళ్లం మేం. తవ్వి జేలుల పెట్టిండ్రా?"

దుకాణంలో సేటు తల ఎత్తి చూశాడు. రోడ్డు మీద ఇద్దరు ముగ్గురు ఆగారు. ఆ తర్వాత వచ్చింది అదే గొంతు, కానీ అదే మనిషి అని నమ్మలేకపోయాను. 'అమ్మా', 'అండీ' అన్న నోటి నుంచే అంత పచ్చి బూతులు వచ్చాయి. స్పీకరులో రోడ్డంతా వినబడింది. సాయిలతను ఏం చేస్తాడో కూడా చెప్పాడు. నేను నా చేతుల్తో ఫోనును మూసేశాను, అది ఆగలేదు. ఆఖరికి చిన్నమ్మ వెనక డొప్ప ఊడబీకి బ్యాటరీ తీసేసింది.

ఇద్దరం సేటు మెట్ల మీద కూర్చుండిపోయాం. నేను ఒక్కొక్కటే తలుచుకున్నాను. శాంతవ్వ అని మేమే చెప్పాం. మస్కట్ అని మేమే చెప్పాం. రెండు వారాల నుంచి ఫోను రాలేదని, బిడ్డ సాయిలత అని మేమే చెప్పాం. ఆయన దగ్గర ఏ ఫైలూ లేదు.

నేను ఆ మాట చెబితే చిన్నమ్మ నుదురు కొట్టుకుంది. "నా సంగతి నేనే చెప్పి, గది వాడు మల్ల నాకు చెప్తే భయపడ్డనా? ఎంత పిచ్చిదాన్నే!"

బస్టాండులో మిర్చీలు కొనిపెట్టింది. తిరుగు బస్సులో పక్కన కూర్చున్న ముసలమ్మకు కథంతా చెప్పింది. "మా మామను మస్కట్ జేలుల పెట్టిండ్రంట అవ్వా!" అంటే ఆ అవ్వ నోట్లో పండ్లు లేకపోయినా పడీపడీ నవ్వింది. చిన్నమ్మ గుండ్ల రుమాలు రవికెలో దాచుకుని, మాటిమాటికీ తడిమి చూసుకుంది. నాకు మాత్రం ఒకటి మిగిలే ఉంది. ఫోనులో వాడు దొంగ. మరి చిన్నాయన ఫోను ఎందుకు బందున్నది? ఆమె నవ్వు చూసి ఆ మాట అనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. చిన్నమ్మ కొంగు నడుముకు చెక్కి తిట్టడానికి తయారై ఎత్తింది. చిన్నాయన గొంతు. హన్మండ్లన్న చెప్పిన మాట ఆయనకు చేరింది.

"ఓ సాయిలత బాపు!" అని చిన్నమ్మ ఒక్క అరుపు అరిచింది. "నువ్వు బాకీ ఎగ్గొట్టి జేలుకు పోయినవంట గదనయ్యా! ఫోన్ల మీద ఫోన్లు! నా గుండ్లు అమ్మబోయిన, తెల్సా?" నవ్వుతూ చెప్పుకుపోతోంది.

అటువైపు నుంచి మాట లేదు.

"వినబడుతున్నదా?"

"నీకెవరు చెప్పిండ్రు?" అన్నాడు చిన్నాయన.

చిన్నమ్మ నవ్వు ఆగిపోయింది. "ఏం చెప్పిండ్రని?"

"మారుతి చేసిండా? ఇంటికి మాత్రం చెయ్యకని కాళ్లు మొక్కిన గద వానికి."

చిన్నమ్మ మెల్లగా అరుగు మీద కూర్చుంది. కిటికీ ఊచకు కట్టిన సంచి ఆమె పట్టుకు తెగి ఒళ్లో పడింది.

ఆయన చెబుతుంటే మేమిద్దరం విన్నాం. మారుతి బిచ్కుంద మనిషి. అక్కడ క్యాంపులో మెస్సు నడుపుతాడు. పోయిన ఏడాది కామారెడ్డిలో చిన్నమ్మకు గర్భసంచి ఆపరేషనైంది. అడిగిన రెండో రోజే చిన్నాయన డబ్బు పంపాడు. ఆ దవాఖానాలో నేనే పక్కనున్నాను. "మా ఆయన ఒక్క మాటకు పంపిండు" అని నర్సులకు, పక్క మంచం వాళ్లకు చిన్నమ్మ ఎంత చెప్పుకుందో నాకు గుర్తుంది. ఆ డబ్బు మారుతిది. అప్పటికే కంపెనీ నెలల తరబడి జీతాలివ్వడం లేదు. ఆ తర్వాత తిండీ బాకీ మీదే సాగింది. మారుతి ఫోన్లు తప్పించుకోవడానికే చిన్నాయన సిమ్ము తీసిపారేశాడు.

"జీతం పైసలంటివి గద" అంది చిన్నమ్మ.

"మరేమనాలె? నువ్వు మంచం మీదుంటివి."

"ఆ దొంగోడు ఒక్కటి నిజం చెప్పిండు. మగోళ్లు అన్నీ ఇంట్ల చెప్పరమ్మా అన్నడు." ఆమె గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయమేసింది. కాసేపటికి, "వాని నంబరు చెప్పు" అంది.

"ఎందుకే? నేనెట్లనో..."

"చెప్పమన్న."

రాయడానికి ఏమీ దొరకలేదు. తునికాకు మీద కత్తెర మొనతో గీకాను.

చిన్నాయన ఫోను పెట్టేయగానే చిన్నమ్మ ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వమంది. ఇచ్చాను. రెండు బీడీలు చుట్టేలోపు తిరిగి వచ్చింది. వెనక గిన్నెల చప్పుడు, ఎవరో హిందీలో అరుస్తున్నారు.

"కోన్? ఎవరు?"

"మీ మెస్సుల తిన్నోని పెండ్లాన్ని. ఎల్లారెడ్డి."

"సిద్దన్న ఇంటి నుంచా? వైనీ, నమస్తే!" బిచ్కుంద దిక్కు వాళ్లు వదినను వైని అంటారు.

"నమస్తే ఎందుకులే. నా ఆపరేషనుకు ఇచ్చింది, ఆయన తిన్నది, అంత కలిపి ఎంతో నువ్వే చెప్పు. ఇగ ఆయనకు ఫోన్లు చెయ్యకు. నాకు చెయ్యి. నెలనెలా బీడీల పైసలు ఎంతస్తె అంత మీ ఇంటోళ్లకు బిచ్కుందకు పంపుత."

గిన్నెల చప్పుడు దూరమైంది. బయటికి వచ్చినట్టున్నాడు.

"పైసలు నాకు గావాలె వైనీ, అబద్ధమెందుకు. కని నేను రోజూ ఫోను చేసేది పైసలకు కాదు. ఇరవై దినాలాయె, సిద్దన్న మెస్సుకు వస్తలేడు. నా మొహం చూడలేక. రూముల చాయ తాగి పనికి పోతున్నడంట. మొన్న పరంజీ మీద కళ్లు తిరిగినయంట. అడుగుదామంటే ఫోను బందు."

చిన్నమ్మ చేత్తో నోరు మూసుకుంది. నా చేతిలో చుట్టిన బీడీ విడిపోయి పొడి ఒళ్లో పడింది. "వైనీ, ఉన్నవా?" అని ఆయన రెండుసార్లు పిలిచాడు.

"ఉన్న" అంది చిన్నమ్మ. "పిలిచి పెట్టు అన్నా. రాకుంటే గల్ల పట్టి గుంజుకొచ్చి కూసోవెట్టు. కడుపు నిండ అన్నం పెట్టి, నా పేరు మీద రాసుకో."